ధర చెప్పాక మాట్లాడకూడదు

జనవరి వచ్చిందంటే సౌదీలోని జుబైల్‌లో మా వాళ్ల ఇళ్లలో మగాళ్లు కనబడరు. ఒక్కో ప్లాంటూ ఆపి, విప్పి, రిపేర్లు చేసే కాలం అది. షట్‌డౌన్ అంటారు. మా ఆయన భూమేష్ ఫిట్టర్. ఆ రెండు నెలలూ తెల్లారకముందే బస్సెక్కి చీకటి పడ్డాక దిగుతాడు, స్నానం చేసి కంచం ముందే కునుకు తీస్తాడు. ఈ ఏడు షట్‌డౌన్ మొదలైన వారంలోనే మా కాలేజీ వాళ్లు పిల్లలకు వ్యాపారం నేర్పే పని నాకు అంటగట్టారు.

నేను ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో పంతులమ్మని. మంత్రసాని చదువు చెబుతాను. కాన్పు ఎలా చేయాలి, బొడ్డు ఎక్కడ కోయాలి, బిడ్డ ఏడవకుండా పుడితే ఊపిరి ఎలా ఊదాలి, ఇవీ నాకు తెలిసిన పాఠాలు. పదకొండేళ్లుగా సౌదీ ఆడపిల్లలకు ఇవే చెబుతున్నాను. ఇక మీదట ఈ పిల్లలు ఆసుపత్రి ఉద్యోగాల కోసం వరస కట్టకుండా సొంతంగా ఏదైనా పెట్టుకోవాలని పైవాళ్లు అనుకున్నారట. అందుకని ఎనిమిది వారాల కొత్త పాఠం పెట్టారు.

ఆ కాగితం నా చేతికిచ్చింది ఆఫీసులో పనిచేసే ఫక్రున్నీసా అక్క. ప్రొద్దుటూరు ఆవిడ. కాలేజీ మొత్తంలో నేను తెలుగు మాట్లాడేది ఆవిడతోనే.

"బిజినెస్ సారు కాన్పుల పిల్లోళ్లకు చెప్పనని కూర్చున్నాడంట. టైంటేబుల్లో నీకే ఖాళీ కనపడె. నేనేం జేసేది మే?"

"అక్కా, నేను కొత్తిమీర కట్ట కూడ అమ్మి ఎరుగ."

"బేరమన్నా చేసింటావు గదా?"

"అదీ రాదు."

"అట్లయితే బాగా చెప్తావులే. ఈత రానోళ్లే గట్టు మింద నిలబడి బాగా చెప్తారు," అని నవ్వింది.

కాదనే ధైర్యం నాకు లేదు. ఎందుకు లేదో చెప్పాలి. ఇక్కడ ఉండనిచ్చే కార్డు ఇఖామా. భూమేష్ ఇఖామాలో పని పేరు ఆమిల్ అని ఉంటుంది, అంటే కూలీ. ఆ పేరుతో పెళ్లాం పిల్లల్ని ఇక్కడ పెట్టుకోనివ్వరు. అతనికి కంపెనీ ఇచ్చేది క్యాంపులో ఒక మంచం. మేం ఉన్న రెండు గదుల ఇల్లు, మా అమ్మాయి నిత్య ఇఖామా, ఆమె చదివే ఇండియన్ స్కూలు, అన్నీ నా ఉద్యోగం మీద నిలబడ్డవే. ముగ్గురం ఒక కప్పు కింద ఉన్నామంటే ఆ కాలేజీ నన్ను ఉంచుకున్నందువల్లే. నిత్య అప్పుడు పదో తరగతి పరీక్షలకు చదువుతోంది.

పాఠాలేమో నాకే కొత్త. ముందు రోజు నేను చదువుకోవడం, మర్నాడు వాళ్లకు చెప్పడం. మూడో వారం పాఠం ధర. ఒక పిల్ల మంత్రసాని, ఇంకో పిల్ల బాలింత తల్లి. తల్లి ఎంత అని అడుగుతుంది, మంత్రసాని తడుముకోకుండా అంకె చెప్పాలి. చెప్పాక ఇంకొక్క మాట మాట్లాడకూడదు. చెప్పి ఊరుకోలేక "కొంచెం తగ్గిస్తాలెండి" అని మనమే అనేస్తాం, అక్కడే బేరం పోతుంది అని పుస్తకంలో ఉంది. నేనూ అదే బోర్డు మీద రాశాను.

జవాహిర్ అనే పిల్ల లేచింది. క్లాసులో చురుకైన పిల్ల, మాట మీద మాట అడిగే రకం. ఎంత అని అడగ్గానే సిగ్గుపడి "ఖల్లీహా అలైనా" అంది. ఇక్కడ కొట్టువాళ్లు మర్యాదకు అనే మాట అది. మా మీద వదిలేయండి, మీరేం ఇవ్వక్కర్లేదు అని అర్థం. ఎవరూ నిజంగా వదిలేయరు.

"సున్నా," అన్నాను.

"మర్యాద కదా మిస్!"

"మర్యాద గుమ్మం దగ్గర. ధర ధరే. మీ ధర మీరు చెప్పకపోతే ఎదుటివాళ్లు చెబుతారు. రాసుకోండి."

అందరూ రాసుకున్నారు. జవాహిర్ మాత్రం రాసుకోకుండా అడిగింది: "మీ దేశంలో మంత్రసానులు చెబుతారా మిస్?"

మా అమ్మ పోశమ్మ మంత్రసాని. ఆర్మూరులో ఇప్పటికీ పసిపిల్లలకు నీళ్లు పోయడానికి ఆమెనే పిలుస్తారు. మేం మంగలోళ్లం, తరతరాలుగా మా ఇళ్లలో ఆడవాళ్ల పని అది. ఆ పని నుంచి దూరంగా పోదామనే నేను నర్సింగు చదివి, మళ్లీ తిరిగి తిరిగి ఆ పనికే చేరాను. పదకొండేళ్లలో ఈ సంగతి కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. ఫక్రున్నీసా అక్కకు కూడా "మా అమ్మ ఇంట్లనే ఉంటది" అని చెప్పాను. ఆ రోజు ఎందుకో, కులం అంటే ఏమిటో తెలియని ఆ పిల్లల ముందు, చెప్పేశాను.

చెప్పడమే కాదు, చూపించాను కూడా. కింద కూర్చుని, పాంటు మోకాళ్ల దాకా మడిచి, కాళ్లు చాపి, క్లాసులో ఉండే రబ్బరు బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకున్నాను. నూనె ఎలా రాయాలి, తల ఎలా పట్టాలి, బోర్లా తిప్పి వీపు మీద నీళ్లు ఎలా పోయాలి. చెవిలో నూనె పోయకండి, సాంబ్రాణి పొగ వేయకండి, అవి మా అమ్మ చేసేది గానీ మీరు చేయొద్దు, మిగతాదంతా చేయండి అన్నాను. జవాహిర్ ఫోన్‌లో వీడియో తీసింది.

"మీ అమ్మగారు ఎంత అడుగుతారు మిస్?"

"అడగదు. ఇరవై ఒకటో రోజు తొట్టెల వేసినప్పుడు చాటలో బియ్యం, పసుపు కుంకుమ, ఓ చీర పెట్టి ఇస్తారు. ఎంత పెడితే అంత. పురిటింటి గడప మీద ధర మాట్లాడితే బిడ్డకు ధర కట్టినట్టు అంటారు మా దగ్గర."

"అయితే ఆమెకూ సున్నానే," అంది జవాహిర్.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నాలుగో వారానికల్లా జవాహిర్ తన వ్యాపారం ఏమిటో తేల్చుకుంది. ఇక్కడ కాన్పయిన ఆడది నలభై రోజులు పుట్టింట్లో ఉంటుంది. ఇదివరకు అమ్మమ్మలు చూసుకునేవాళ్లు, ఇప్పుడు అమ్మమ్మలే ఉద్యోగాలకు పోతున్నారు. అందుకని చదువుకున్న మంత్రసాని రోజూ పొద్దున ఇంటికే వచ్చి, బిడ్డకు నీళ్లు పోసి, తల్లిని చూసిపోతుంది. దానికి 'నలభై రోజులు' అనే పేరు కూడా పెట్టింది. నాకు గర్వంగా అనిపించింది. ఎవరి పనిని చూసి పుట్టిందో నాకు తెలుసు కాబట్టి, కొంచెం ఎక్కువ గర్వంగానే అనిపించింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆమె పథకం దిద్దుతూ కూర్చున్నాను. షట్‌డౌన్‌లో భూమేష్‌కు దొరికే సగం పూట సెలవు అది. తిని అక్కడే చాప మీద వాలిపోయాడు. జవాహిర్ ఖర్చుల పట్టికలో 'అనుభవం ఉన్న చెయ్యి, ఒకరు, నెలకు ఆరు వేల రియాళ్లు' అని రాసింది. అంత పెడితే మొదటి ఏడాది ఏమీ మిగలదు. ఎర్ర పెన్నుతో ఆరు కొట్టేసి నాలుగు రాశాను. పక్కన చిన్న అక్షరాలతో, ఇండియా, ఫిలిప్పీన్స్ నుంచి ఇంతకే వస్తారు అని కూడా రాశాను.

"ఏం గీకుతున్నవ్?" అన్నాడు భూమేష్ కళ్లు మూసుకునే.

"పిల్ల జీతం ఎక్కువ ఏసింది. తగ్గిస్తున్న."

"ఎవ్వల జీతం?"

"ఎవ్వలదో. పనికి పెట్టుకునే ఆమెది."

"తగ్గియ్యి, తగ్గియ్యి. మాయి గూడ గిట్లనే ఎవ్వలో కూసోని తగ్గిస్తరు," అని అటు తిరిగి పడుకున్నాడు. నేను తర్వాతి పేజీ తిప్పాను.

ఆరో వారంలో ఫక్రున్నీసా అక్క నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. అప్పటికి రంజాను మొదలైంది. ఆవిడ ఉపవాసంతో ఉంది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"పాపా, ఇంగ టీచరు పోస్టులన్నీ ఈ దేశం పిల్లోళ్లకే ఇయ్యాలంట. నీ కాంట్రాక్టు పండగ దాకానే ఉండాది. నన్నే ఇయ్యమన్యారు ఈ కాగితం. నా చేతులతో ఇయ్యాల్సొచ్చె."

"సరే అక్కా," అన్నాను.

"ఏమే, ఏడ్చనన్నా ఏడ్చు!"

ఏడుపు రాలేదు. కాన్పులో చిరిగినచోట కుట్లు వేసే ముందు మత్తు సూది ఇస్తాం. సూది దిగడం, దారం లాగడం అన్నీ తెలుస్తాయి, నొప్పి మాత్రం ఉండదు. నాకు అలాగే ఉంది. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని క్లాసుకు పోయాను. ఆ రోజు పాఠం నష్టం వస్తే ఏం చేయాలి అని. బాగానే చెప్పానట, వెనక బెంచీ పిల్లలు కూడా ప్రశ్నలు అడిగారు.

ఇంట్లో భూమేష్‌తో చెప్పాను. బూట్ల లేసులు విప్పుతూ విన్నాడు. "నిత్యకు పరీక్షలయ్యేదాక చెప్పకు," అన్నాడు. చెప్పలేదు. నిత్య భూగోళం చదివింది, గణితం రాసింది, నేను ఫ్లాస్కులో పాలు పోసి ఇచ్చాను. ఆసుపత్రులన్నిటికీ ఉత్తరాలు పెట్టాను. నలభై మూడేళ్లన్నాక ఎవరూ మళ్లీ రాయలేదు.

ఈ లోగా కాలేజీలో పోటీ పెడితే జవాహిర్ పథకానికి మొదటి బహుమతి వచ్చింది. వాళ్ల నాన్న వెంట ఉండి లైసెన్సు కూడా తీయించాడు. పండగ అయిన మూడో రోజు నాకు మెసేజ్ పెట్టింది. *మిస్, 'నలభై రోజులు' కోసం మొదటి మనిషిని వెతుకుతున్నాను. మీరు వస్తారా? కఫాలా నా సంస్థకు మార్పిస్తాను.*

నా విద్యార్థి నా కఫీల్, అంటే నా వీసాకు పూచీ పడే యజమాని, అవుతుందన్న మాట. అదేమీ నాకు చిన్నతనం అనిపించలేదు. అనిపించేంత తీరిక లేదు. ఆ రోజు సాయంత్రం నిత్యకు కూడా అంతా చెప్పి, ముగ్గురం కూర్చుని కాగితం మీద రాసుకున్నాం. ఇంటి కిరాయి, నిత్య ఇఖామా రుసుము, స్కూలు ఫీజు. ఆరు వేలు ఉంటే ముగ్గురం ఇక్కడ. తక్కువైతే నిత్య ఆర్మూరుకు, భూమేష్ క్యాంపుకు.

భూమేష్ అప్పుడు ఎన్నడూ లేనిది ఆట ఆడాడు. నిత్య చున్నీ నెత్తిన వేసుకుని దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

"నేనే జవాహిర్‌ననుకో. చెప్పు టీచరమ్మా, ఎంత?"

"ఆరు వేలు."

"ఇనవడ్తలేదు."

"ఆరు వేలు!"

"గట్ల చెప్పాలె. చెప్పినంక?"

"నోరు మూసుకోవాలె," అంది నిత్య, పొట్ట పట్టుకుని నవ్వుతూ. ఆ ఇంట్లో ముగ్గురం కలిసి నవ్వింది అదే చివరిసారి. అప్పుడు తెలియదు కదా.

జవాహిర్ ఇల్లు సముద్రం వైపు. వాళ్లమ్మ ఎదురొచ్చి రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుని "మా అమ్మాయి గురువు" అని లోపలికి తీసుకుపోయింది. ఖర్జూరాలు, చిన్న కప్పుల్లో గహ్వా కాఫీ, పక్కన ధూపం. జవాహిర్ నా కప్పు ఖాళీ కాకుండా తనే పోసింది. కుర్చీ కూడా తనే జరిపింది. ఆ పిల్ల మర్యాదలో లోటు ఏమీ లేదు, ఆ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను.

తర్వాత ఫైలు తెరిచి, పెన్ను మూత తీసి, నేను నేర్పినట్టే నిటారుగా కూర్చుంది.

"మిస్, మీ ధర చెప్పండి."

ఆరు వేలు నాలుక మీదే ఉంది. నోరు తెరిచాను. అప్పుడు లోపలి గదిలో పసిబిడ్డ ఏడ్చింది. సన్నగా, ఆగి ఆగి, వారం పది రోజుల బిడ్డ ఏడుపు. "మా పెద్దమ్మాయి కాన్పుకు వచ్చింది, ఇవాళ్టికి తొమ్మిదో రోజు," అంది వాళ్లమ్మ సంతోషంగా.

అది పురిటిల్లు.

"మీ ఇష్టం బిడ్డా," అన్నాను.

నా నోట్లోంచే వచ్చింది. నా గొంతు కూడా కాదు, మా అమ్మ గొంతులా వచ్చింది. జవాహిర్ నా ముఖం చూసి నవ్వింది.

"మిస్, ఈ జవాబుకు మీరు నాకు సున్నా వేశారు."

నేనూ నవ్వాను. ఇప్పుడైనా చెప్పొచ్చు. ఆ పిల్ల ఆగింది కూడా, పెన్ను పట్టుకుని ఎదురు చూసింది. లోపల బిడ్డ ఇంకా ఏడుస్తూనే ఉంది. ధర చెప్పాక మాట్లాడకూడదని నేర్పాను గానీ, చెప్పకుండానే నోరు మూసుకు కూర్చోవడం ఏ పాఠంలోనూ లేదు. అది నేను ఇంటి నుంచి తెచ్చుకున్న విద్య.

"అయితే మీరు దిద్దిందే పెడుతున్నాను," అని ఫైలులో పేజీ తిప్పింది. నా ఎర్ర పెన్ను, నా అక్షరాలు. కొట్టేసిన ఆరు, పక్కన నాలుగు. "ఇది మీ లెక్కే కదా మిస్. సరేనా?"

"సరే," అన్నాను.

సంతకం పెట్టాను. వాళ్లమ్మ లోపలి నుంచి బిడ్డను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. కాళ్లు చాపుకుని కూర్చుని, ఆ రోజే దానికి నీళ్లు పోశాను. ఏడుపు ఆపేసింది.

ఇంటికొచ్చేసరికి భూమేష్ గుమ్మంలోనే ఉన్నాడు.

"ఎంతన్నవ్?"

"ఏమనలే."

"ఆమెంతన్నది?"

"నాలుగు."

తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది. లోపలికి పోయి అటక మీది సూట్‌కేసు దించి, తడిగుడ్డ తెచ్చి దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. నిత్య నన్ను చూసి, "ఆ పోతే ఎక్కడికి, అమ్మమ్మ దగ్గరికే కదా," అని తన పుస్తకాలు సర్దుకుంది. నన్ను ఓదార్చడానికి అందని నాకు తెలుసు. పదిహేనేళ్ల పిల్ల చేత ఓదార్పించుకున్నాను.

పది రోజుల్లో ఇల్లు ఖాళీ అయింది. ఫ్రిజ్ ఫక్రున్నీసా అక్క తీసుకుంది, దాని ధర కూడా ఆవిడే చెప్పి ఆవిడే ఇచ్చింది. దమ్మాము విమానాశ్రయంలో నిత్య లోపలికి పోతూ ఒకసారి వెనక్కి చూసింది. భూమేష్ చెయ్యి ఊపాడు. తిరిగొచ్చేటప్పుడు అతను క్యాంపు దగ్గర దిగాడు, నేను జవాహిర్ ఇచ్చిన గదికి పోయాను. ఇప్పుడు శుక్రవారం శుక్రవారం సముద్రపు ఒడ్డున కలుసుకుంటాం, పెళ్లి కాని వాళ్లలాగా.

నిత్య చేరిన వారానికి అమ్మ ఫోన్ చేసింది. అప్పటిదాకా నేను ఏమీ చెప్పలేదు, నిత్య చెప్పినట్టుంది.

"జీతం ఎంతడిగినవ్ బిడ్డా?"

"అడుగలేదే అమ్మా. పురుడున్న ఇల్లాయె. నువ్వే అంటుంటివి గద, గడప మీద ధర మాట్లాడొద్దని."

"నేనెందుకంటి?" అంది అమ్మ. "అడిగితె మంగలిదానికి నోరెక్కువైందని మల్లొక ఇంట్లకు పిలువరు. గా భయానికి అంటి. పాత చీరలు పెడితె తెచ్చుకుంటి, ముక్కిన బియ్యం పెడితె తెచ్చుకుంటి. నువ్వన్న నోరిప్పి అడుగుతవనేగదనే నిన్ను సదివిపిచ్చింది."

నిత్య తిన్నదా అని అడిగాను. తిన్నదని చెప్పింది.

మర్నాడు పొద్దున ఒక ఇంట్లో పదకొండు రోజుల బిడ్డకు నీళ్లు పోస్తున్నాను. జవాహిర్ బయట కారు పెడుతోంది. పక్కింటి పెద్దామె వచ్చి గడప దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. వాళ్ల అమ్మాయికి నెలలు నిండాయట. "నలభై రోజులకు ఎంత తీసుకుంటారు?" అని అడిగింది.

"తొమ్మిది వేల రియాళ్లు," అన్నాను.

గొంతు ఎక్కడా తడబడలేదు. అది నా ధర కాదు కదా. చెప్పి, పాఠంలో ఉన్నట్టే ఇంకేమీ మాట్లాడకుండా బిడ్డకు తువ్వాలు చుట్టాను.